ఆదోని బస్సులో బిజినెస్ పాఠాలు: పాడ్‌కాస్ట్‌లు ఎలా ఎంచుకోవాలి, ఎలా వినాలి

కర్నూలు పాతబస్తీలో మాది స్కూలు యూనిఫాంల అంగడి. ముందు పక్క అమ్మకం, వెనక పక్క నాలుగు మిషన్లు, ఒక కటింగ్ మాస్టరు. పదిహేను రోజులకోసారి గుడ్డ కోసం ఆదోనికి పోతాను. కోడుమూరు, గోనెగండ్ల, ఎమ్మిగనూరు మీదుగా పోయేటప్పుడు రెండున్నర గంటలు, వచ్చేటప్పుడు ఇంకో రెండున్నర గంటలు. ఇంతకుముందు ఆ ఐదు గంటలూ ఫోన్‌లో రీల్స్ చూసేవాణ్ణి. బస్సు దిగేసరికి మెడ పట్టేసేది, చూసింది ఒక్కటీ గుర్తుండేది కాదు. కొన్నేళ్లుగా ఆ టైంలో పాడ్‌కాస్ట్‌లు, అంటే ఫోన్‌లో మనకు వీలైనప్పుడు వినే రేడియో కార్యక్రమాల్లాంటివి, వింటున్నాను.

“ఎప్పుడూ చెవిలో అది పెట్టుకొని ఏం వింటుంటావన్నా, మాకూ రెండు పేర్లు చెప్పు” అని పక్క అంగళ్ల పిల్లలు అడుగుతుంటారు. పేర్లు చెప్పడం ఎంతసేపు! కానీ ఉత్త పేర్లు చెప్తే రెండు రోజులు విని మూడో రోజు మానేస్తారు. నేనూ మొదట్లో అట్లాగే మానేశాను. అందుకని పేర్ల కంటే ముందు రెండు పనులు చెప్తాను. ఓపిక లేనివాళ్లు పేర్ల దగ్గరికి దూకేసినా నేనేం అనుకోను, మళ్లీ ఇక్కడికే వస్తారు.

మొదటి పని: ఒక ప్రశ్న రాసుకోండి

యాప్ తర్వాత చూద్దాం. ముందు ఒక కాగితం తీసుకొని, ఈ మధ్య మీ పనిలో మీకు నిద్ర పట్టనివ్వని సంగతి ఒక్కటి రాయండి. “బిజినెస్ పెంచుకోవాలి” అని రాయకండి, అది కోరికే గానీ ప్రశ్న కాదు. నేను రాసుకున్నది ఇది: “జూన్‌లో అంత అమ్మకం జరిగితే ఆగస్టుకు గల్లా పెట్టె ఎందుకు ఖాళీ అవుతోంది?” మీకు టిఫిన్ సెంటర్ ఉంటే “పొద్దున పదకొండు తర్వాత ఉగ్గాని ఎందుకు మిగిలిపోతోంది?” కావచ్చు. ఉద్యోగమైతే “పని నేను చేస్తుంటే పేరు ఇంకొకరికి ఎందుకు పోతోంది?” కావచ్చు.

ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకోండి. ఏం వినాలి, ఏది వదిలేయాలి అన్నది అదే తేలుస్తుంది. ప్రశ్న లేకుండా వింటే ప్రతి ఎపిసోడూ గొప్పగానే ఉంటుంది. దిగాక అంగడి మాత్రం ఎట్లున్నది అట్లనే ఉంటుంది.

రెండో పని: ఫోన్ సిద్ధం చేసుకోవడం

ఇది పది నిమిషాల పని. గూగుల్ పాడ్‌కాస్ట్స్ యాప్ 2024లో మూతపడింది, దాని కోసం వెతకకండి. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే యాంటెన్నాపాడ్ పెట్టుకోండి. అది ఉచితం, యాప్ తన వైపు నుంచి ప్రకటనలు వేయదు, అకౌంట్ కూడా అడగదు. స్పాటిఫై ఉన్నవాళ్లు డబ్బు కట్టకపోయినా పాడ్‌కాస్ట్‌ల వరకు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. యూట్యూబ్‌లో కూడా చాలావరకు దొరుకుతాయి. కానీ అక్కడ పక్కనే ఇంకో వీడియో కన్ను కొడుతూ ఉంటుంది. నాకంత నిగ్రహం లేదు కాబట్టి నేను యూట్యూబ్ జోలికి పోను.

డేటా గురించి భయపడే పని లేదు. ఆడియో మామూలుగా నిమిషానికి ఒక ఎంబీ లెక్క పడుతుంది. గంట ఎపిసోడ్ అరవై ఎంబీలోపే. అయినా ముందు రోజు రాత్రి ఇంట్లో వైఫై ఉన్నప్పుడే దించిపెట్టుకోండి. కోడుమూరు దాటాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంటే, కథ మంచి పట్టులో ఉన్నప్పుడు ఆ చక్రం తిరుగుతూ కూర్చుంటుంది. ఇయర్‌ఫోన్స్ వైరువే కొనండి. బస్సు కుదుపుకు బ్లూటూత్‌ది ఒకటి సీటు కింద పడి నాది పోయింది, రెండోదాన్ని ఏం చేసుకోవాలో ఇప్పటికీ తెలీదు.

మూడో పని: ఎంచుకోవడం

ఇక్కడ కాస్త నిదానంగా చెప్తాను.

నాకు అందరికంటే ఎక్కువ మేలు చేసింది ‘అక్వైర్డ్’. బెన్ గిల్బర్ట్, డేవిడ్ రోజెంథాల్ అనే ఇద్దరు అమెరికన్లు 2015 నుంచి చేస్తున్నారు. ఒక్కో ఎపిసోడ్‌లో ఒక కంపెనీని తీసుకొని, పుట్టిన రోజు నుంచి ఈ రోజు దాకా తవ్వుతారు. మూడు గంటలు, ఒక్కోసారి నాలుగు గంటలు. మన ఐపీఎల్ మీద కూడా ఒకటి చేశారు. మీరు మాత్రం 2023లో వచ్చిన కాస్ట్‌కో ఎపిసోడ్‌తో మొదలుపెట్టండి. కాస్ట్‌కో అంటే అమెరికాలో పెద్ద గోడౌన్ లాంటి అంగడి. మామూలు సూపర్‌మార్కెట్‌లో ముప్పై వేల రకాల సరుకు ఉంటే వీళ్లు నాలుగు వేల రకాల దగ్గరే ఆగుతారు. కొన్న ధర మీద పద్నాలుగు, పదిహేను శాతానికి మించి వేసుకోరు. హాట్‌డాగ్, కూల్‌డ్రింక్ కలిపి 1985 నుంచి డాలరున్నరకే ఇస్తున్నారు. లాభంలో పెద్ద వాటా సరుకు మీద కాకుండా, లోపలికి రావడానికి జనం కట్టే వార్షిక సభ్యత్వం మీద వస్తుంది.

రకాలు తక్కువ పెడితే ఒక్కో రకం ఎక్కువ అమ్ముడవుతుంది. ఎక్కువ కొంటారు కాబట్టి తక్కువ ధరకు దొరుకుతుంది. తక్కువ ధరకు అమ్మితే సరుకు తొందరగా కదులుతుంది. ఇది వింటున్నప్పుడు బస్సు ఎమ్మిగనూరు బస్టాండులో ఆగి ఉంది. జేబులో ఉన్న ప్రశ్నకు జవాబు నా వెనక గదిలోనే ఉందని అప్పుడు తట్టింది. సాక్సులే 22 రకాలు పెట్టుకున్నాను. బెల్టులు, టైలు వేరే. స్కూలు ముద్ర వేసిన షర్టుల సంగతి ఇంకా ఘోరం. స్కూలువాళ్లు రంగు మార్చారంటే ఆ సరుకు ఇంకెవరికీ పనికి రాదు. జూన్ అమ్మకం డబ్బంతా అటకెక్కి కూర్చుంది, గల్లాలో ఎట్లా ఉంటుంది? తర్వాతి ఏడాది సాక్సులు ఆరు రకాలకు తెచ్చాను. ముద్ర షర్టులు స్కూలు నుంచి రాతపూర్వకంగా ఆర్డరు వస్తేనే కుట్టిస్తున్నాను.

అదే ఎపిసోడ్ నుంచి ఒక తెలివితక్కువ పని కూడా చేశాను. సభ్యత్వం ఐడియా బాగుందని వంద రూపాయల కార్డు అచ్చు వేయించాను. కార్డు కొంటే ఏడాదంతా పది శాతం తగ్గింపు. మొదటి రోజే ఒకామె నవ్వి, “మీ అంగడికి రావడానికి మేమే నీకు దుడ్లు ఇయ్యాల్నా అన్నా?” అంది. ఆమె మాట నిజం. కాస్ట్‌కోకు జనం తరచూ పోతారు. యూనిఫాం ఏడాదికి ఒకసారి, మహా అయితే రెండుసార్లు కొంటారు. వాళ్లకు కార్డు ఎందుకు? రెండు వందల కార్డులు ఇంకా డ్రాయర్‌లో ఉన్నాయి, వెనక పక్క లెక్కలు రాసుకుంటున్నాను. కాబట్టి ఏదైనా విన్నప్పుడు “వాళ్లేం చేశారు” అని కాక, “వాళ్లకు అది ఎందుకు పనిచేసింది” అని రాసుకోండి. ఆ ‘ఎందుకు’ మీ దగ్గర లేకపోతే ఆ ఐడియాను అక్కడే వదిలేయండి.

రెండోది ‘ప్లానెట్ మనీ’. అమెరికా ప్రజా రేడియో ఎన్‌పీఆర్‌ది, 2008 నుంచి వస్తోంది. అర్ధగంట లోపే అయిపోతుంది. ఆదోని, ఎమ్మిగనూరు పక్కన పుట్టినవాళ్లు వాళ్ల 2013 నాటి టీషర్టు కథ తప్పకుండా వినాలి. వాళ్లు నిజంగానే ఒక టీషర్టు తయారు చేయించి, అది తయారైన దారి వెంటే పోయారు. అమెరికాలో పత్తి పొలం, ఇండోనేషియాలో నూలు మిల్లు, బంగ్లాదేశ్‌లో, కొలంబియాలో కుట్టే ఫ్యాక్టరీలు. ఎక్కడ ఎవరికి ఎంత మిగిలిందో చూపించారు. ఆదోని యార్డుకు వచ్చే పత్తి బండ్లను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఆ పత్తి తర్వాత ఎక్కడికి పోతుందని ఒక్కరోజూ అనుకోలేదు.

అది విన్న వారం మా మాస్టరును కూర్చోబెట్టి ఒక షర్టుకు లెక్క వేశాం. గుడ్డ, కుట్టు కూలి, దారం, బొత్తాలు, కరెంటు. “కాజాలు, ఇస్త్రీ, కవరు యాడ రాసినావన్నా?” అన్నాడు మాస్టరు. రాయలేదు. ఇన్నేళ్లూ ఒక్కో షర్టు మీద పదకొండు రూపాయలు లెక్కలోకి రాకుండానే అమ్ముతున్నాను. ఈ లెక్కకు ఏ పాడ్‌కాస్టూ అక్కర్లేదు, నిజమే. కానీ అది వినకముందు ఈ లెక్క నేను వేయలేదు, అది కూడా నిజమే.

‘హౌ ఐ బిల్ట్ దిస్’ వ్యాపారం మొదలుపెట్టాలని ఊగిసలాడేవాళ్లకు మంచిది. గై రాజ్ అనే ఆయన 2016లో మొదలుపెట్టాడు. కంపెనీ పెట్టినవాళ్లను కూర్చోబెట్టి కథ చెప్పిస్తాడు. మొదటి ఎపిసోడ్ స్పాంక్స్ అనే లోదుస్తుల కంపెనీ పెట్టిన సారా బ్లేక్లీది. ఇంటింటికీ తిరిగి ఫాక్స్ మిషన్లు అమ్మిన అమ్మాయి, దాచుకున్న 5,000 డాలర్లతో మొదలుపెట్టింది. చివర్లో గై రాజ్ అందరినీ ఒకటే అడుగుతాడు: ఇందులో అదృష్టం ఎంత, కష్టం ఎంత అని. నాకు ఆ ప్రశ్న ఇష్టం, జవాబుల మీద మాత్రం అంత నమ్మకం లేదు. అక్కడ కూర్చున్నవాళ్లంతా గట్టెక్కినవాళ్లే. అంతే కష్టపడి మునిగిపోయినవాళ్లను పిలిచి అడిగితే లెక్క వేరేగా ఉండేది.

అందుకే నిఖిల్ కామత్ పాడ్‌కాస్ట్‌లో ఈ-కామర్స్ ఎపిసోడ్ వినమంటాను. ఆయన షేర్ల లావాదేవీల కంపెనీ జెరోధా పెట్టిన అన్నదమ్ముల్లో ఒకడు. 2023లో ఈ పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాడు. ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే, గంటలకు గంటలు. ఈ ఎపిసోడ్‌లో ఆన్‌లైన్‌లో సరుకు అమ్మే మీషో, అంగళ్లకు టోకుగా సరుకు అమ్మే ఉడాన్ పెట్టినవాళ్లతో పాటు బిగ్ బజార్ కిశోర్ బియానీ కూర్చుంటాడు. బియానీ 2001లో బిగ్ బజార్ తెరిచి దేశమంతా అంగళ్లు పెట్టాడు. 2022కు ఆయన ఫ్యూచర్ రిటైల్ దివాలా కేసుకు పోయింది. ఎక్కి దిగినవాడి మాటలో ఒక బరువు ఉంటుంది. పైగా మా అంగడి కస్టమర్లలో సగం మంది చేతిలో మీషో యాప్ ఉంది. అవతల పక్క ఏమనుకుంటున్నారో తెలియడం నాకు అవసరం.

ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు నా సొంత అనుభవంతో చెప్పలేను. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ చేసే మా మేనల్లుడి మాట చెప్తాను. పైఅధికారితో, తోటివాళ్లతో వచ్చే చిక్కులకు హార్వర్డ్ బిజినెస్ రివ్యూ పత్రికవాళ్ల ‘హెచ్‌బీఆర్ ఐడియాకాస్ట్’, ఆడమ్ గ్రాంట్ మొదలుపెట్టిన ‘వర్క్‌లైఫ్’ వింటాడట. యాప్‌లో ఏం ఉండాలో, ఎట్లా ఉండాలో తేల్చే ప్రొడక్ట్ పనుల్లో ఉంటే ‘లెన్నీస్ పాడ్‌కాస్ట్’ వినమంటాడు. “మామా, ఇంటర్వ్యూకు పోయే ముందు ఆ కంపెనీ మీద అక్వైర్డ్‌లో ఏమన్నా వచ్చిందా అని వెతుక్కొని పోతాను” అన్నాడొకసారి. ఆ ముక్క నాకు నచ్చింది.

తెలుగులో? ‘రా టాక్స్ విత్ వీకే’ ఉంది, సినిమావాళ్ల దగ్గర నుంచి వ్యాపారుల దాకా వస్తారు. వ్యాపారుల ఎపిసోడ్లు ఏరుకొని వినండి. అయితే అక్వైర్డ్ లాగా ఒక కంపెనీని పేగులు బయటపడేదాకా తవ్వేది తెలుగులో నాకు ఇంకా తగల్లేదు. దాని గురించి చివర్లో చెప్తాను.

ఇంగ్లిష్ అడ్డమొస్తే

నాది ఇంటర్, తెలుగు మీడియం. మొదట్లో అమెరికా యాస ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. పాట లాగా వినిపించేది. మూడు నెలలు రోజూ బీబీసీ ‘సిక్స్ మినిట్ ఇంగ్లిష్’ విన్నాను. పేరుకు తగ్గట్టు ఆరు నిమిషాలే. పొద్దున అంగడి ఊడ్చేలోపు అయిపోతుంది. చెవి అలవాటు పడ్డాక పెద్దవాటికి వచ్చాను.

యాప్‌లో వేగం తగ్గించే వీలు ఉంటుంది, సిగ్గుపడకుండా 0.8కి పెట్టుకోండి. అలవాటయ్యాక 1.25కి పెంచండి. మూడు గంటల ఎపిసోడ్ రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. అంటే కర్నూలులో మొదలుపెడితే ఆదోని బస్టాండు లోపలికి మలుపు తిరిగేసరికి పూర్తవుతుంది. 2 పెట్టుకొని వినేవాళ్లను చూశాను. వాళ్లకు వినాలని కాదు, అయిపోయిందనిపించుకోవాలని ఉంటుంది.

వినడం

పదిహేను నిమిషాలు చూడండి. మీ ప్రశ్న చుట్టుపక్కలకు రాకపోతే ఆపేయండి. మొదలుపెట్టినందుకు పూర్తి చేయాలన్న రూలు ఏమీ లేదు. బస్సులో రాసుకోవడం కుదరదు కాబట్టి, ఏదైనా ముక్క తగిలినప్పుడు నేను ఆపి, ఫోన్‌లో వాయిస్ రికార్డర్ తెరిచి ఒక్క వాక్యం తెలుగులో చెప్పుకుంటాను. తెలుగులో చెప్పుకోవడం ముఖ్యం. ఇంగ్లిష్‌లో అర్థమైనట్టు అనిపించిన చాలా సంగతులు తెలుగులో చెప్పబోతే నోరు తిరగదు. అప్పుడు అర్థం కాలేదని తెలుస్తుంది, వెనక్కి పోయి మళ్లీ వింటాను. పక్క సీటాయన ఒకసారి నేను ఎవరితోనో గొడవ పడుతున్నానని అనుకున్నాడు.

ఇంటికొచ్చాక ఆ వాక్యాల్లో ఒక్కదాన్ని, ఒక్కదాన్నే, తేదీ వేసి నోటుబుక్కులో రాయండి. పక్కన ఏం చేసి చూస్తారో రాయండి. అది చేసి, ఫలితం చూసేదాకా కొత్త ఎపిసోడ్ పెట్టుకోకండి. నా నోటుబుక్కులో నాలుగేళ్లకు 19 రాతలున్నాయి. ఏడు పనిచేశాయి. తొమ్మిది చేయలేదు. మిగతా మూడింటి సంగతి ఇప్పటికీ తేలలేదు.

జూన్ 12కు స్కూళ్లు తెరుస్తారంటే మే మొదటి నుంచి జూన్ ఆఖరు దాకా నేను ఏదీ వినను. ఒకసారి మాస్టరు కొలత చెప్తుంటే చెవిలో ఇంకొకరి గొంతు ఉండి, ముప్పైరెండు నడుము ప్యాంట్లు డజను ముప్పై నడుముకు కోయించాను. మీకు ఏ నెల పని నెత్తిన కూర్చుంటుందో ఆ నెల చెవులు మీ పనికే వదిలేయండి.

జేబు జాగ్రత్త

కొన్ని పాడ్‌కాస్ట్‌లు మొదటి అరగంట ఊరిస్తాయి. తర్వాత “అసలు రహస్యం మా కోర్సులో ఉంది” అంటాయి. నేనూ ఒకదానికి 2,999 రూపాయలు కట్టాను. పేరెందుకులే. వచ్చింది పన్నెండు వీడియోలు. పొద్దున్నే లేవాలి, నెగెటివ్ మనుషులకు దూరంగా ఉండాలి. మా నాయన ఇవి రెండూ ఊరికే చెప్పేవాడు. మీరు ఇట్లా చూడండి: మాట్లాడే మనిషి సంపాదించింది వ్యాపారం చేసా, లేక వ్యాపారం ఎలా చేయాలో చెప్పా? రెండోదైతే కోర్సు జోలికి పోకండి. షేర్లు, ఫలానా స్టాక్ కొనండి అనే ఎపిసోడ్లకైతే ఇంకా దూరం. పొదుపు, ఇన్సూరెన్స్ సంగతులు తెలుసుకోవాలంటే అనుపమ్ గుప్తా ‘పైసా వైసా’ వినొచ్చు.

చివరి పని: మన ఊరి ఎపిసోడ్

ఇది మీరు చేయకపోయినా పర్వాలేదు. నేను చేశాను కాబట్టి చెప్తున్నాను.

ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప నేతగాళ్లను కూడగట్టి సహకార సంఘం పెట్టారు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆదోనిని మా పెద్దవాళ్లు రెండో బొంబాయి అనేవాళ్లు. కాస్ట్‌కో కథ మూడు గంటలు విన్న నేను, నెలకు రెండుసార్లు దాటిపోయే ఊళ్ల కథ మూడు నిమిషాలు కూడా చెప్పలేనని ఒకసారి బస్సులోనే తట్టింది.

మీ బజారులో ముప్పై, నలభై ఏళ్లు అంగడి నడిపిన ఒక పెద్దాయన ఉంటాడు. రద్దీ లేని పూట పోండి. ముందే అడిగి, ఒప్పుకుంటేనే ఫోన్ రికార్డర్ ఆన్ చేయండి. ఫోన్‌ను ఆయన ముందున్న బల్ల మీద ఒక మడత గుడ్డ వేసి పెట్టండి, లేకపోతే టీ గ్లాసు పెట్టినప్పుడల్లా ఢాం అంటుంది. ఫ్యాను ఆపించండి. “మీ విజయ రహస్యం ఏమిటి” అని అడగకండి. మొదటి రోజు గల్లాలో ఎంత పడింది, ఉద్దర ఇచ్చి ఎవరి దగ్గర ఎక్కువ పోగొట్టుకున్నారు, మూసేద్దామని ఎప్పుడు అనుకున్నారు, ఇట్లాంటివి అడగండి. తర్వాత నోరు మూసుకోవాలి. అది అన్నింటికంటే కష్టం.

ఆదోనిలో నాకు గుడ్డ ఇచ్చే పెద్దాయనను అట్లా కూర్చోబెట్టాను. నలభై ఏడు నిమిషాలు వచ్చింది. ఇరవయ్యో నిమిషం దాకా ఆయన ఫోన్‌ను చూస్తూ పద్ధతిగా మాట్లాడాడు. తర్వాత మర్చిపోయాడు. ఉద్దర గురించి అడిగితే, “పెద్ద ఊరోడికి ఇచ్చేదాని కంటే చిన్న ఊరోడికి ఇచ్చేది మేలు నాయనా. చిన్న ఊళ్లో వాడు ఎగ్గొడితే రేపు మొగం యాడ పెట్టుకుంటాడు?” అన్నాడు.

వచ్చాక మాస్టరుకు ఇయర్‌ఫోన్ ఒకటి ఇచ్చి వినిపించాను. కత్తెర పక్కన పెట్టి మొత్తం విన్నాడు. అయిపోయాక, “అన్నా, మనకు బాకీ ఉన్న ఆ రెండు స్కూళ్లు పెద్ద ఊరివా, చిన్న ఊరివా?” అని అడిగాడు. రెండూ కర్నూలువే. ఈ ఏడాది వాళ్ల దగ్గర సగం అడ్వాన్సు అడగాలని నోటుబుక్కులో రాసి పెట్టాను. అది ఇరవయ్యో రాత.